గూస్ ముక్కు రంగు తేల్చాలంటే: నౌపడ ఉప్పుమడులకు 8×42 బైనాక్యులర్

బైనాక్యులర్ కొనేవాళ్లు ముందు అడిగేది "ఎన్ని రెట్లు?" అని. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో చెట్ల మీద గూళ్లు కట్టే ఎర్రకాళ్ల కొంగలకైతే ఏదైనా చాలు. అదే జిల్లాలోని నౌపడ చిత్తడిలో శీతాకాలం ఓ అడవి గూస్ (పెద్ద బాతులాంటి పక్షి) వాలిందనుకోండి, అప్పుడు రెట్లకన్నా రంగు ముఖ్యం.

బార్ హెడెడ్ గూస్‌కి తెల్లటి తల వెనక రెండు నల్ల పట్టీలు. ఇది సులువే. చిక్కంతా పిల్ల పక్షితో. పట్టీలు ఉండవు, నడినెత్తి నుంచి మెడ వెనకదాకా ముదురు రంగు ఒకటే కనిపిస్తుంది. చాలామంది "కొత్త జాతి" అని సంబరపడేది ఇక్కడే. గ్రేలాగ్ అనే మరో గూస్ అయితే ముక్కూ కాళ్లూ గులాబీ. వైట్ ఫ్రంటెడ్‌కి కాళ్లు నారింజ, ఎదిగిన పక్షికి ముక్కు మొదట్లో తెల్ల మచ్చ, పొట్ట మీద నల్ల చారలు. నారింజా గులాబీయా అన్నదాని మీదే పేరు మారిపోతుంది.

చవక అద్దాల్లో ఎండకి మెరిసే నీటి ముందు పక్షి అంచున ఊదా, ఆకుపచ్చ గీత వస్తుంది. ముక్కు రంగు అందులో కలిసిపోతుంది. రంగులు విడిపోవడాన్ని తగ్గించే ఈడీ గ్లాసున్న 8×42లో (8 రెట్లు, ముందు అద్దం 42 మిల్లీమీటర్లు) ఆ గీత బాగా తగ్గుతుంది. 300 మీటర్ల దూరాన ఉన్నది 37 మీటర్లలో ఉన్నట్టు కనిపిస్తుంది, చాలు. 10×42లో చెయ్యి వణుకు కూడా పెరుగుతుంది, గట్టు మీద గాలికి స్టాండ్ లేకపోతే కష్టం. 10–30 జూమ్ రకాలు మాత్రం కొనకండి: రెట్లు పెంచేకొద్దీ బొమ్మ చీకటవుతుంది. 300 మీటర్లకన్నా బాగా దూరమైతే స్టాండ్ మీద పెట్టి ఒక కంటితో చూసే స్పాటింగ్ స్కోపే.

కళ్లద్దాలు పెట్టుకునేవాళ్లు ఐ రిలీఫ్ (కంటికీ అద్దానికీ మధ్య ఉండే దూరం) 16 మిల్లీమీటర్లకి తగ్గనిది చూసుకోండి. కొన్నాక మొదటి పని: కుడి కన్ను మూసి మధ్య చక్రంతో ఎడమ కంటికి ఫోకస్ చెయ్యండి, తర్వాత ఎడమ కన్ను మూసి కుడి వైపు రింగు తిప్పండి. చాలామంది ఇది చెయ్యక "బొమ్మ మసక" అని తిరిగి పంపేస్తారు.

ఎండెక్కాక మడుల మీద గాలి మరిగినట్టు కదిలిపోతుంది, ఎంత ఖరీదైన అద్దానికైనా. పొద్దున్నే సూర్యుణ్ని వీపు వెనక పెట్టుకుని నిలబడండి. అద్దం మీద ఉప్పు పొడి పడితే చొక్కా అంచుతో రుద్దకండి, గీతలు పడతాయి. బ్లోయర్‌తో ఊది, లెన్స్ ద్రవం ఒక చుక్కతో తుడవండి. సముద్రపు చెమ్మకి లోపల బూజు పట్టకుండా చెమ్మ పీల్చే సిలికా జెల్ వేసిన బిగువు డబ్బాలో ఉంచండి.