సింగిల్ సైన్-ఆన్‌కి ఓఐడీసీనా, ఎస్‌ఏఎంఎల్‌ఆ?

సింగిల్ సైన్-ఆన్ (ఎస్‌ఎస్‌ఓ) అంటే ఒక్క ఆఫీసు లాగిన్‌తోనే అన్ని టూల్స్‌లోకి వెళ్లడం. ఓఐడీసీ (ఓపెన్‌ఐడీ కనెక్ట్), ఎస్‌ఏఎంఎల్ దానికి వాడే రెండు పద్ధతులు. ఆఫీసు టూల్ ఈ రెండింటికీ సపోర్ట్ ఇస్తే, కొత్తగా పెట్టేవాళ్లకి ఓఐడీసీయే తేలిక. టూల్‌కి క్లయింట్ ఐడీ (దాని గుర్తింపు), సీక్రెట్ (దాని పాస్‌వర్డ్ లాంటిది), ఇష్యూయర్ (లాగిన్ సర్వర్) అడ్రస్ ఇస్తే చాలు. లాగిన్ సర్వర్ డిజిటల్ సంతకం సరిచూసే కీలను టూలే తెచ్చుకుంటుంది. ఎర్రర్ వచ్చేది ఎక్కువగా రీడైరెక్ట్ యూఆర్‌ఐ (లాగిన్ అయ్యాక తిరిగి పంపే టూల్ అడ్రస్) దగ్గరే: చివర ఒక్క స్లాష్ ఎక్కువైనా లాగిన్ ఆగిపోతుంది. సీక్రెట్ గడువు మాత్రం క్యాలెండర్‌లో రాసిపెట్టుకోండి.

ఎస్‌ఏఎంఎల్ 2.0 2005 నాటిది. పాతదని తీసిపారేయలేం, చాలా టూల్స్‌లో ఇప్పటికీ అదొక్కటే ఉంటుంది. ఎంటిటీ ఐడీ (టూల్ గుర్తింపు పేరు), ఏసీఎస్ యూఆర్‌ఎల్ (లాగిన్ జవాబు అందుకునే టూల్ అడ్రస్) ఎక్కించడం పది నిమిషాల పని. అసలు తలనొప్పి సంతకం సరిచూసే సర్టిఫికెట్. మైక్రోసాఫ్ట్ లాగిన్ సర్వీసు ఎంట్రాలో దాని గడువు మామూలుగా 3 ఏళ్లు. కొత్తదాన్ని టూల్‌లో పెట్టకుండా ఎంట్రాలో యాక్టివేట్ చేశారా, ఇక ఎవరూ లాగిన్ కాలేరు.

నేమ్‌ఐడీగా (యూజర్ ఎవరో టూల్‌కి చెప్పే ఎస్‌ఏఎంఎల్ గుర్తింపు) ఈమెయిల్ పంపడం ఇంకో చిక్కు. పెళ్లయ్యాక ఇంటిపేరుతోపాటు మెయిల్ మారితే, చాలా టూల్స్ కొత్త అకౌంట్ తెరుస్తాయి. పాత ఫైళ్లు కనపడవు. మారని ఐడీనే పంపండి. ఓఐడీసీలో ఆ పనికి 'సబ్' అనే ఫీల్డ్ ఉంది.

ఏది పెట్టినా, ఒక అడ్మిన్‌కి పాస్‌వర్డ్ లాగిన్ ఉంచాకే ఎస్‌ఎస్‌ఓ తప్పనిసరి చేయండి. ఉద్యోగం మానేసినవాళ్ల అకౌంట్లను ఈ రెండూ తీసేయవు, దానికి స్కిమ్ (అకౌంట్లను ఆటోమేటిక్‌గా తెరిచి, తీసేసే పద్ధతి) విడిగా పెట్టుకోవాలి.