ఐబీఎస్‌కు అమిట్రిప్టిలిన్: ఏడాదిన్నర వాడాక

ఐబీఎస్ అంటే కడుపునొప్పితో పాటు విరేచనాలో మలబద్ధకమో పదేపదే వచ్చే పేగు జబ్బు. దానికి ఇచ్చే అమిట్రిప్టిలిన్ మాత్ర గురించి ఒక్క ముక్కలో చెప్పమంటే, ఎంత వేసుకుంటున్నామన్నదానికంటే ఎన్నింటికి వేసుకుంటున్నామన్నదే ముఖ్యం అంటాను. చీటీ మీద ‘రాత్రి పడుకునే ముందు’ అని ఉంటుంది. ఆ మాట పట్టుకుని పదకొండింటికి వేసుకుంటే మర్నాడు పొద్దున పదింటిదాకా తల దిమ్ముగా, కాళ్లు బరువుగా ఉంటాయి. మొదటి వారంలోనే మందు మానేయాలనిపించేది ఇందుకే. అదే మాత్ర ఎనిమిదింటికి, అంటే పడుకోవడానికి రెండు మూడు గంటల ముందు వేసుకుంటే, మత్తు చాలావరకు నిద్రలోనే గడిచిపోతుంది. డోసు అదే, మందు అదే, మారింది వేళ ఒక్కటే. ఇది నాకు మొదటి రోజే తెలిసుంటే ఎంత బాగుండేదో!

ఇది అసలు డిప్రెషన్ మందు, అది కడుపుకెందుకు అన్న అనుమానం అందరికీ వస్తుంది. డిప్రెషన్‌కు సాధారణంగా 75 నుంచి 150 మిల్లీగ్రాములు ఇస్తారు. ఐబీఎస్‌కు 10 నుంచి 30 చాలు. ఈ కొద్ది మోతాదులో అది పనిచేసేది మనసు మీద కాదు, పేగుకూ మెదడుకూ మధ్య నరాల్లో నడిచే నొప్పి సంకేతాల మీద. 2023లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన అట్లాంటిస్ పరిశోధనలో 463 మంది పాల్గొన్నారు. 10తో మొదలుపెట్టి, ఒంటికి పడేదాన్ని బట్టి మూడు వారాల్లో 30 దాకా పెంచుకునే వీలిచ్చారు. ఆరు నెలల తర్వాత చూస్తే ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లకంటే అసలు మాత్ర వేసుకున్నవాళ్లకే ఎక్కువ ఉపశమనం దొరికింది.

చిక్కేమిటంటే, ఇబ్బందులు ముందొస్తాయి, గుణం వెనకొస్తుంది. నోరు ఎండిపోవడం, మత్తు మొదటి రెండు మూడు రోజుల్లోనే కనబడతాయి. నొప్పి తగ్గడానికి నాలుగు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. అది కూడా ఒక్కసారిగా పోదు. మెలిపెట్టడం అలాగే ఉంటుంది, కాకపోతే రోజూ వచ్చేది రెండు రోజులకోసారి అవుతుంది. ఆ తేడా జ్ఞాపకానికి అందదు. తేదీ, మాత్ర వేసుకున్న వేళ, పదికి నొప్పి ఎంత, విరేచనాలు ఎన్ని అన్న నాలుగు గళ్లు గీసి పుస్తకంలో రాసుకుంటేనే తెలుస్తుంది. మంచం పక్కన నీళ్లు పెట్టుకోండి. లేచేటప్పుడు అంచున ఒక నిమిషం కూర్చుని లేవండి, లేకపోతే కళ్లు తిరుగుతాయి. డోసు పెంచిన ప్రతిసారీ మొదటి కొన్ని రోజులు పొద్దున పూట బండి నడపకండి.

వేళే ముఖ్యం అన్నాను కదా, ఆ మాట నా విషయంలో 20 మిల్లీగ్రాముల దాకానే నిలిచింది. విరేచనాలు ఐదారు నుంచి రెండుకు తగ్గేసరికి హాయి అనిపించింది. 30కి పెంచాక మూడు రోజులు అసలు కదలికే లేదు. నోటిని ఎండబెట్టే గుణమే పేగు కదలికనూ నెమ్మది చేస్తుంది, కాబట్టి వేళ మార్చి దీన్ని తప్పించుకోలేం. మోసం జరిగేది ఇక్కడే. నాలుగో రోజు గట్టిపడ్డ మలం పక్కనుంచి నీళ్లలాంటిది జారింది. పాత జబ్బు తిరగబెట్టిందనుకుని డోసు ఇంకా పెంచితే ఇరకాటం రెట్టింపవుతుంది. అంతకుముందు మూడు రోజులు విరేచనాల గడి ఖాళీగా ఉందా అని పుస్తకంలో చూసుకోవాలి. డాక్టరును అడిగి మళ్లీ 20కి దిగి, ఇసబ్‌గోల్ పొట్టు నిండు గ్లాసు నీళ్లతో తీసుకున్నాక వారానికి దారిలో పడింది. నీళ్లు తక్కువైతే ఆ పొట్టే అడ్డం పడుతుంది.

నాది విరేచనాల రకం ఐబీఎస్, అందుకే పేగు నెమ్మదించడం నాకు కలిసొచ్చింది. మలబద్ధకం రకమైతే ఇదే గుణం శాపమవుతుంది, వాళ్లకు వేరే మందు గురించి అడగడం మంచిది. గ్లకోమా (కంటి నరం దెబ్బతినే జబ్బు), గుండె లయ తేడాలు, మూత్రం ఆగడం ఉన్నవాళ్లు, నొప్పి మందు ట్రమడాల్ గానీ డిప్రెషన్ మందు ఫ్లూక్సెటిన్ గానీ వాడుతున్నవాళ్లు ఆ సంగతి డాక్టరుకు చెప్పకుండా ఇది మొదలుపెట్టకూడదు. నిద్ర సరిగా పట్టనివాళ్లకు మత్తు వరమే, రాత్రి డ్యూటీ చేసేవాళ్లకు మాత్రం నా ఎనిమిది గంటల లెక్క పనికిరాదు.

ఆపాలనుకుంటే డాక్టరుకు చెప్పి మెల్లగా దిగాలి. ఒక్కసారిగా మానేస్తే వికారం, తలనొప్పి, నిద్రలేమి పట్టుకోవచ్చు. ఒక రాత్రి మర్చిపోయి పొద్దున గుర్తొస్తే ఆ మాత్ర వదిలేయండి, రాత్రికి రెండు కలిపి వేసుకోకండి. పొద్దున వేసుకుంటే ఆ రోజంతా దిమ్మే.