గాలం పట్టని ముగ్గురం, హేవ్‌లాక్‌లో ఐదు రోజులు

మా ఆయనకీ మా మరిదికీ గాలం వెయ్యడమంటే ప్రాణం. జనవరి ఆఖర్లో అండమాన్‌లోని హేవ్‌లాక్‌కి వెళ్దామన్నది వాళ్ళిద్దరే. అక్కడ పడవ మీద బాగా లోపలికి పోయి, మనిషి ఎత్తు గాలపు కర్రతో పెద్ద పెద్ద పార చేపల్ని లాగి, కొలిచి, ఫొటో తీసుకుని మళ్ళీ నీళ్ళలోకి వదిలేస్తారు. తెల్లారకుండా వెళ్తే పొద్దుగూకే వేళకి వస్తారు. ఇక మిగిలింది ముగ్గురం: నేను, అరవై ఎనిమిదేళ్ళ మా అత్తయ్యగారు, పదకొండేళ్ళ మా అమ్మాయి. వెళ్ళేముందు ఎంత వెతికినా, మోకాళ్ళ నొప్పులున్న మనిషికి అక్కడ ఏది వీలవుతుందో చెప్పినవాళ్ళు నాకు దొరకలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

హేవ్‌లాక్ పేరు 2018లో స్వరాజ్ ద్వీప్ అయింది, పోర్ట్ బ్లెయిర్ 2024లో శ్రీ విజయపురం అయింది. జెట్టీ దగ్గర మాత్రం అందరి నోటా పాతపేర్లే, నేనూ అవే రాస్తున్నాను.

మొదట తెలుసుకోవాల్సింది పొద్దు సంగతి. అండమాన్ మనకి బాగా తూర్పున ఉంది, గడియారం మాత్రం మనదే. జనవరిలో సాయంత్రం ఐదూ ఇరవై అయ్యేసరికి సూర్యుడు మునిగిపోతాడు. కాకినాడలో టీ తాగి బీచికి బయల్దేరే వేళకి అక్కడ చీకటి. మొదటిరోజు మధ్యాహ్నం భోంచేసి కాసేపు నడుం వాల్చి లేచేసరికి ఆ రోజంతా చేజారిపోయింది. మర్నాటి నుంచి ఐదింటికే లేచాం.

రెండోది పోటూ పాటూ. మా రిసార్టు ఐదో నంబరు బీచి మీద, తూర్పు ఒడ్డున ఉంది. పొద్దున్న తొమ్మిదింటికి నీళ్ళు కొబ్బరిచెట్ల మొదళ్ళ దాకా వచ్చి ఆకుపచ్చగా మెరుస్తున్నాయి. మూడింటికి చూస్తే సముద్రం ఎక్కడో దూరాన ఉంది, ముందంతా రాళ్ళు, చచ్చిన పగడాల ముక్కలు, అక్కడక్కడ గుంటల్లో నీళ్ళు. దిగి ఈదడం కుదరదు, కాళ్ళు కోసుకుపోతాయి. మేం వెళ్ళింది అమావాస్య ముందురోజు, ఆ వేళల్లో పాటు మరీ లోపలికి లాగుతుంది. రిసెప్షన్‌లో పెద్ద బోర్డు మీద స్నార్కెలింగ్ (గొట్టంతో ఊపిరి పీలుస్తూ నీళ్ళ పైనుంచే పగడాలు చూడటం), కయాక్ (తెడ్డేసుకుంటూ పోయే సన్నటి చిన్న పడవ), స్కూబా (వీపున గాలి సిలిండరుతో నీళ్ళ అడుక్కి దిగడం) అన్నిటికీ రేట్లున్నాయి, పోటు వేళలు మాత్రం లేవు. ఆ వేళలు నాకు చెప్పింది పడవ మీద పనిచేసే కుర్రాడు. మా మాటలు విని, "అమ్మా, మీదే ఊరండీ?" అని తెలుగులో పలకరించాడు. వాళ్ళది సోంపేట దగ్గర పల్లె. పోర్ట్ బ్లెయిర్ జంగ్లీఘాట్‌లో మన ఉత్తరాంధ్ర మత్స్యకార కుటుంబాలు ఎప్పటినుంచో ఉన్నాయి, ఈ అబ్బాయి మేనమామ కూడా అక్కడే. "నీళ్ళవేళ చూసుకుని బుక్ చేసుకోండమ్మా, గడియారం చూసుకుని కాదు" అన్నాడు. ఆ ఒక్క మాటతో మిగతా రోజులు బాగుపడ్డాయి.

ఆ మాట వినకముందే ఒక తప్పు చేశాం. రిసార్టు వాళ్ళ చేతే ఎలిఫెంట్ బీచి ప్యాకేజీ తీసుకున్నాం. జెట్టీ నుంచి స్పీడు బోటులో అరగంట లోపే. అడవిలోంచి నడిచి వెళ్ళే దారి కూడా ఉంది గానీ బురద, వేళ్ళు, అత్తయ్యగారి వల్ల కాదు. బోటులోంచి దిగడం నడుంలోతు నీళ్ళలోకి, ఆ సంగతి మాకు ముందు చెప్పలేదు. ఇద్దరు కుర్రాళ్ళు అత్తయ్యగారిని రెక్కలు పట్టుకుని దింపారు, ఆవిడ ముఖం పాలిపోయింది. ఒడ్డున కూర్చోవడానికి నీడ ఉంది, 2004 సునామీనాడు పడిపోయినవని చెప్పే పెద్ద మానులున్నాయి. స్నార్కెలింగ్ అని తీసుకెళ్ళిన మనిషి ఇరవై నిమిషాల్లో తిప్పి తీసుకొచ్చేశాడు. నన్ను బాగా బాధపెట్టింది అది కాదు. అలిసిపోయిన పిల్లల్ని "కాలు పెట్టి నిలబడు" అని పగడాల మీద నిలబెట్టాడు. 2010లో నీళ్ళు వేడెక్కి అండమాన్ పగడాలు విపరీతంగా తెల్లబడిపోయాయి, చాలావరకు చచ్చిపోయాయి. ఇప్పుడు మళ్ళీ వేళ్ళంత, గుప్పెడంత మొలుస్తున్నవాటి మీద మడమలు! మా అమ్మాయే "అమ్మా, అవి బతికే ఉన్నాయి కదా" అంది. సాయంత్రం మేనేజరుతో ఈ మాట అనేశాను. సారీ చెప్పారు, డబ్బులు సగం వెనక్కిచ్చారు. నేనడిగింది డబ్బుల గురించి కాదు.

ఎలిఫెంట్ బీచికి వెళ్ళేవాళ్ళు బోటు ఎక్కడ ఆపుతారు, నీళ్ళలో ఎంతసేపుంచుతారు, ఒక మనిషి ఎంతమందిని చూసుకుంటాడు అన్నవి అడగండి. ముగ్గురికంటే ఎక్కువమందిని ఒక్కడే లాక్కెళ్తానంటే వద్దనండి.

స్కూబా కోసం రిసార్టు మాట వినకుండా ఊళ్ళో ఒక చిన్న డైవింగు స్కూలుకి వెళ్ళాం, అక్కడ తేడా తెలిసింది. ముందు ఆరోగ్యం కాగితం నింపించారు. ఆయాసం, గుండెజబ్బు, చెవి ఆపరేషన్ ఉంటే దింపరు. ఈత రాకపోయినా పర్లేదు, పదేళ్ళు నిండితే చాలు. నిలువులోతు లేనిచోట అరగంట పైగా నేర్పారు: నోటితో ఊపిరి, కళ్ళద్దాల్లో నీళ్ళొస్తే ముక్కుతో ఊది పంపడం, చెవులు నొప్పి పెట్టకముందే ముక్కు మూసి గాలి ఊదడం. తర్వాత మనిషికొక మాస్టారు. మొదటి రెండు నిమిషాలు నాకు గుండె దడదడలాడింది, నా ఊపిరి చప్పుడే నాకు పెద్దగా వినిపించింది. ఆయన తొందరపెట్టలేదు, పైకి తీసుకొచ్చి, మళ్ళీ దింపాడు. కింద ఒక ఆల్చిప్ప, చాట అంతది, నీలం అంచుతో నోరు తెరుచుకుని ఉంది. మా నీడ పడగానే ముడుచుకుంది. పూరేకుల్లా ఊగుతున్న మెత్తటి జీవి మధ్యలో నారింజ రంగు మీద తెల్లచారల చేపలు, గూడు వదలకుండా మా వేళ్ళ మీదికే వచ్చాయి. తలకి నాలుగున్నర వేలు కట్టాం. ఆ ఐదు రోజుల్లో పెట్టిన డబ్బులో ఇంత తృప్తినిచ్చింది ఇంకోటి లేదు. ఒక్క జాగ్రత్త: డైవింగ్ చేశాక కనీసం పద్దెనిమిది గంటలు విమానం ఎక్కకూడదు. చివరిరోజుకి పెట్టుకోకండి.

రాత్రి కయాక్ అమావాస్య నాడే దొరికింది. మడ అడవుల సందుల్లోకి తెడ్డేసుకుంటూ వెళ్ళాలి. మాకు కోరింగ మడ అడవులు ఇంటిపక్కవే, ఆ బురద వాసన ముక్కుకి తగలగానే మా ఊరే అనిపించింది. చీకట్లో తెడ్డు వేసినచోటల్లా నీళ్ళు మెరిశాయి. కంటికి కనపడనంత చిన్న జీవులు, కదిలిస్తే వెలుగుతాయి. అయితే ఫొటోల్లో చూసే ఆ నీలి మంట ఆశించకండి, అది కెమెరాని చాలాసేపు తెరిచి ఉంచి తీసింది. మామూలు కంటికి తెల్లగా, మిణుగురుల పొడి చల్లినట్టు ఉంటుంది. మా అమ్మాయి చెయ్యి నీళ్ళలో ముంచి తీస్తే, వేళ్ళ మీద ఒక్క క్షణం చుక్కలు నిలిచాయి. వెన్నెల రోజుల్లో ఎవరైనా అమ్మజూపితే తీసుకోవద్దు. మొసళ్ళున్న దీవులు కాబట్టి, ఏ వాగులోకి తీసుకెళ్తున్నారో, అటవీశాఖ హెచ్చరిక బోర్డు ఉందేమో కూడా అడగాలి.

నీల్ దీవికి పొద్దున వెళ్ళి సాయంత్రం రావచ్చు, ఫెర్రీలో గంట. ఏసీ ఫెర్రీల్లో కిటికీలు తెరుచుకోవు, వికారం ఉన్నవాళ్ళు ముందే మాత్ర వేసుకోవాలి. భరత్‌పూర్ బీచిలో అద్దాల అడుగున్న పడవ అత్తయ్యగారికి బాగా నచ్చింది. సహజంగా ఏర్పడిన రాతి వంతెన దగ్గరికి పాటు వేళ మాత్రమే నడవగలం, అదీ పాచిపట్టిన రాళ్ళ మీద. ఆవిడని పైన కొబ్బరిబోండాల దుకాణంలో కూర్చోబెట్టి మేమిద్దరం వెళ్ళొచ్చాం. పోర్ట్ బ్లెయిర్‌లో బారాటాంగ్ సున్నపురాయి గుహల యాత్ర కూడా చెప్పారు. ఆ దారి జరావా అనే ఆదివాసుల అడవి మధ్యనుంచి పోతుంది. మనుషుల ఇళ్ళ మధ్యనుంచి కాన్వాయ్‌లో అద్దాలు బిగించుకుని పోవడం నాకు మనసొప్పలేదు, వద్దనుకున్నాం.

అత్తయ్యగారికి నిజంగా దక్కింది మూడో నంబరు బజారు, రాధానగర్. తూర్పు బెంగాల్ నుంచి వచ్చి 1950ల్లో స్థిరపడ్డ కుటుంబాల ఊరది. చేపలమ్మే ముసలావిడా, మా అత్తయ్యగారూ ఒకరికి బెంగాలీ, ఒకరికి తెలుగు తప్ప రాకపోయినా, మొప్పలెత్తి చూపించుకుంటూ, ధర తగ్గించుకుంటూ పావుగంట మాట్లాడుకున్నారు. ఏమీ కొనలేదు, వండుకోవడానికి పొయ్యి లేదుగా. అయినా ఆవిడ చేతిలో రెండు చక్కెరకేళీలు పెట్టి పంపింది.

రాధానగర్ పడమటి ఒడ్డు, జెట్టీ నుంచి పన్నెండు కిలోమీటర్లు. ఇసుక మెత్తగా పిండిలా ఉంటుంది, పాటు వేళైనా దిగడానికి రాళ్ళడ్డు రావు. వెనకాల నిలువెత్తు చెట్ల అడవి, దాని నీడ ఇసుక మీదికి వస్తుంది. కాళ్ళు కడుక్కోవడానికి కుళాయిలు, బట్టలు మార్చుకునే గదులు ఉన్నాయి. రిసార్టు కారు రానూపోనూ ఎంతడిగిందో రాయబుద్ధి కావడం లేదు, మేం ప్రభుత్వ బస్సులో వెళ్ళాం. గవ్వలు ఏరి సంచిలో వేసుకోకండి, అది నేరం, విమానాశ్రయంలో వెతుకుతారు కూడా. శంఖాల్లో కాపురముండే పీతలకి అవి ఇళ్ళు. మా అమ్మాయి వాటి వెనక పాకుతూ గంటసేపు గడిపింది.

చివరి సాయంత్రం అత్తయ్యగారు చీర కుచ్చెళ్ళు ఎత్తి దోపుకుని, నా చెయ్యి వదిలేసి, మోకాళ్ళలోతు దాకా ఒక్కరే వెళ్ళారు. సూర్యుడు మునిగాడు, జనం లేస్తున్నారు, ఆఖరి బస్సు హారన్ కొడుతోంది. "అత్తయ్యగారూ, బస్సెళ్ళిపోతుంది" అని పిలిచాను. వెనక్కి తిరక్కుండానే, "ఆటో మాట్లాడమ్మాయ్, డబ్బులు నేనిస్తాను" అన్నారు.