5.38 తీసి 4.27 వేయించాను: జీపు క్రౌన్ పినియన్ మార్చిన మూడేళ్ళకి

నేనుండేది గుంటూరు, పని విజయవాడలో. రోజూ పోను 35, రాను 35 కిలోమీటర్లు. బండి పాత మహీంద్రా డీజిల్ జీపు, ఫోర్ వీల్ డ్రైవ్, నాలుగు గేర్లు. కాజా టోల్‌గేటు దాటాక అందరూ 90లో పోతుంటే నేను ఎడమ పక్క 60లో పోయేవాణ్ణి, అదీ ఇంజన్ గోల పెడుతుంటే. పక్క సీట్లో వాళ్ళతో సైగలే. టాప్ గేర్‌లో ఉన్నా చెయ్యి ఊరికే గేర్ రాడ్ మీదికి పోయేది, ఇంకో గేరు మిగిలుందేమో అన్నట్టు.

వెనక హౌసింగ్ (ఇరుసు మధ్యలో గేర్లుండే డొప్ప) మూత విప్పి పళ్ళు లెక్కపెడితే సంగతి తెలిసింది. చక్రాల్ని తిప్పే పెద్ద పళ్ళ చక్రం క్రౌన్‌కి 43, దాన్ని తిప్పే చిన్న గేరు పినియన్‌కి 8. అంటే 5.38. ఇంజన్ వైపు నుంచి వచ్చే ప్రొపెల్లర్ షాఫ్ట్ అయిదు చుట్లకు పైగా తిరిగితే గాని చక్రం ఒక్క చుట్టు తిరగదు. దమ్ము చేసిన చేలోంచి బండి లాగాలంటే ఇలాంటిదే కావాలి. నేను దిగేది చేలోకి కాదు, హైవే మీదికి.

లెక్క చూద్దాం. నా టైరు ఒక చుట్టుకి సుమారు 2.25 మీటర్లు పోతుంది. 80 స్పీడు మీద చక్రం నిమిషానికి 590 చుట్లు పైచిలుకు తిరగాలి. టాప్ గేరులో పాత సెట్టుతో ఇంజన్ దాదాపు 3,200 తిరగాలి, ఆ ఇంజన్‌కి అక్కడే ఊపిరి అయిపోతుంది. 47 బై 11 సెట్టు, అంటే 4.27 వేస్తే 2,530 చాలు. 3.73 వేయమని ఊరించినవాళ్ళూ ఉన్నారు. దానికి క్రౌన్‌ని మోసే లోపలి కేజ్ కూడా మార్చాలి, పైగా ఈ ఇంజన్ టాప్‌లో లాగలేదనిపించి వదిలేశాను. మస్టాంగ్ లాంటి కార్లున్నవాళ్ళు పికప్ కోసం 3.31 తీసి 3.73 వేయించుకుంటారు. వాళ్ళు నంబరు పెంచుకుంటారు, నేను తగ్గించుకున్నాను. పనిలో మాత్రం తేడా లేదు.

మొదటిసారి బిగించింది ఆటోనగర్‌లో ఒక షాపు. పేరెందుకులెండి. పొద్దున ఇస్తే సాయంత్రానికి బండి చేతికిచ్చారు. అప్పుడే అనుమానపడాల్సింది. పాత షిమ్ములే (సందు సర్దే పల్చటి రేకులు) పెట్టి, క్రౌన్‌ని చేత్తో అటూ ఇటూ ఊపి "సరిపోయిందన్నా" అన్నాడు కుర్రాడు. వారధి ఎక్కేసరికి కింద నుంచి సన్నగా "ఊఁ..." అని మొదలైంది. యాక్సిలరేటర్ నొక్కితే అరుపు, వదిలితే నిశ్శబ్దం. అరిగితే సర్దుకుంటుందన్నారు. రెండు వేల కిలోమీటర్లు ఆగి చూశాను. సర్దుకోలేదు, ముదిరింది.

గుంటూరులో హౌసింగ్ పని తప్ప ఇంకేం చెయ్యని మేస్త్రి ఒకాయన ఉంటాడు, అందరం బాబాయ్ అంటాం. విప్పీ విప్పగానే రెండు నంబర్లు చూపించాడు. క్రౌన్, పినియన్ ఫ్యాక్టరీలో ఒకదానితో ఒకటి రుద్ది జతగా తయారవుతాయి, రెంటి మీదా ఒకే నంబరు చెక్కి ఉంటుంది. నావి జతే, ఆ మాత్రం అదృష్టం ఉంది. తర్వాత పళ్ళకి రంగు పూసి చేత్తో తిప్పాడు. రంగు చెరిగిన చోటే పళ్ళు కలిసే చోటు. అది పంటి మధ్యలో ఉండాలి, నాకేమో లోపలి సన్న అంచున గోరంత మచ్చ పడింది. "అబ్బాయ్, బరువంతా ఈ కొస మీదే మోస్తోంది, అరవక ఏం చేస్తుంది?" అన్నాడు.

షిమ్ములు అటు నుంచి ఇటు మార్చి క్రౌన్‌ని పినియన్‌కి కొంచెం దూరం జరిపితే మచ్చ బయటివైపు కదులుతుంది. జరపడం, బిగించడం, వదులు కొలిచే డయల్ గేజ్ పెట్టడం, రంగు పూయడం, మళ్ళీ విప్పడం. ఆ రోజు మూడుసార్లు ఎక్కించి దించాడు. చివరికి రెండు పళ్ళ మధ్య వదులు 0.18 మిల్లీమీటర్ల దగ్గర ఆపాడు, రెండు కాగితాల మందానికి కాస్త తక్కువ. నేను టీ తాగొచ్చేసరికి మచ్చ పంటి నడుమకొచ్చి కోలగా కూర్చుంది. సెట్టు మంచిదా చెడ్డదా అని నేను నెలలపాటు మథనపడ్డాను, తేడా అంతా ఈ బిగింపులో ఉంది.

ఈపీ 90 గేరు ఆయిల్ పోసి, మొదటి 800 కిలోమీటర్లు లోడు లేకుండా, మధ్యమధ్యలో ఆపి చల్లారనిస్తూ నడపమన్నాడు. నడిపాను. ఆ ఆయిల్ దించితే వెండి పొడిలా మెరిసింది. కొత్తది పోశాక ఇప్పటిదాకా చప్పుడు లేదు.

ముందు చక్రాల హౌసింగ్‌కి సరిపోయే 4.27 సెట్టు దొరకడానికి నాలుగు నెలలు పట్టింది. ముందొక రేషియో, వెనకొక రేషియో ఉంటే ఫోర్ వీల్ అసలు వేయకూడదు, షాఫ్ట్‌లు ఒకదానితో ఒకటి పెనుగులాడతాయి. ఆ లివర్‌కి ఎర్రగుడ్డ కట్టాను. అయినా మా బావమరిది బాపట్ల దారిలో సరదాకి లాగాడు. బండి పట్టేసినట్టు అయిపోయి ఠక్కుమంది. షాఫ్ట్ జాయింట్‌లోని క్రాస్ ఒకటి పోయింది, అంతటితో బతికాం. రెండు సెట్లు, బేరింగులు, సీళ్ళు, రెండుసార్ల కూలీ కలిపితే 38 వేలు పైనే అయింది.

ఇప్పుడు 75, 80లో హాయిగా పోతుంది, మాట్లాడుకోవచ్చు. పోగొట్టుకున్నదీ ఉంది. కోటప్పకొండ ఘాట్ మీద మూడో గేరులో ఎక్కిపోయేది ఇప్పుడు రెండుకి దిగుతోంది. నలుగురు ఎక్కితే మంగళగిరి ఫ్లైఓవర్ మీద కూడా పికప్ మందగిస్తుంది. ఇంటి ర్యాంపు మీదికి రివర్స్‌లో ఎక్కించేటప్పుడు క్లచ్ వాసన వస్తుంది, అక్కడ ఫోర్ వీల్ లో-రేంజ్ గేరు వేసుకుంటున్నాను. పొలం, ఇసుక, లోడు ఇవే మీ పనైతే 5.38 మార్చొద్దు.

మైలేజీ దగ్గర మాత్రం నేనే బోల్తా పడ్డాను. అంతకుముందు లీటరుకి 11 వచ్చేది, మార్చాక 10 చూపించింది. డబ్బు పోసి మైలేజీ తగ్గించుకున్నానని మూడు నెలలు ఏడ్చాను. ఒకరోజు ఫోన్‌లో జీపీఎస్ పెడితే మీటరు 63 దగ్గరుండగా అది 80 చూపిస్తోంది. ఈ జీపుల్లో స్పీడోమీటరు కేబుల్ ట్రాన్స్‌ఫర్ కేస్ (ముందు, వెనక ఇరుసులకు శక్తి పంచే గేర్‌బాక్సు) నుంచి వస్తుంది, హౌసింగ్ కంటే ముందు. వెనకాల ఏ పళ్ళు మార్చానో దానికెలా తెలుస్తుంది? స్పీడూ, తిరిగిన దూరమూ రెండూ అయిదో వంతు తక్కువే చూపిస్తోంది. అసలు మైలేజీ 12.6. మీటరు మీద మూడేళ్ళలో 41 వేలు తిరిగినట్టుంది, నిజానికి 52 వేలు.

కేబుల్ దగ్గరి చిన్న గేరు మారిస్తే సరిపోతుందట, ఇంకా మార్చలేదు. అద్దం మీద 63 దగ్గర మా అమ్మాయి నెయిల్ పాలిష్‌తో చుక్క పెట్టుకున్నాను. ముల్లు ఆ చుక్క మీదికి రాగానే ఇంట్లోవాళ్ళు "ఎనభై, ఎనభై" అని అరుస్తారు.