కిల్ డెవిల్ హిల్స్ బంగారం, మోటెల్ మాత్రం పక్కా దోపిడీ

నార్త్ కరోలినాలో ఔటర్ బ్యాంక్స్ అనే సముద్రతీర దీవుల వైపు వెళ్లేవాళ్లు ముందు మా మోటెల్ సంగతి వినండి. బుక్ చేసినప్పుడు రాత్రికి 189 డాలర్లు అని చూపించి, తీరా చెక్ ఇన్ దగ్గర రిసార్ట్ ఫీజు 35, పార్కింగ్ 15 అని ట్యాక్సులు కాకుండానే 239 చేశారు. రిసార్ట్ అంటే ఏముందయ్యా అంటే నీళ్లు లేని స్విమ్మింగ్ పూల్, ముక్కిన వాసన కొట్టే ఏసీ. సీ వ్యూ అన్నారు, కర్టెన్ తీస్తే చెత్త డబ్బాలు. మావారు రూమ్ మార్చమంటే కౌంటర్లో కుర్రాడు ఫోన్లోంచి తలెత్తకుండా ఫుల్ అనేశాడు, బయట చూస్తే మాది కాక రెండే కార్లు! ఆ రాత్రి మావారు ఎవరితోనూ మాట్లాడితే ఒట్టు.

పొద్దున్నే కిల్ డెవిల్ హిల్స్‌లో ఉన్న రైట్ బ్రదర్స్ మెమోరియల్‌కి వెళ్లాక గానీ మామూలు మనిషి కాలేదు. పెద్దవాళ్లకి తలా 10 డాలర్లు, పిల్లలకి ఫ్రీ. 1903 డిసెంబర్ 17న ఆ అన్నదమ్ములు మొదటిసారి ఇంజన్ విమానంలో ఎగిరిన నేల అదే, బయల్దేరిన చోట ఒక బండరాయి, నాలుగుసార్లు దిగిన చోట్ల నంబర్లు వేసిన రాళ్లు పెట్టారు. మొదటిది 120 అడుగుల్లోనే ఉంది! అది నడిపిన తమ్ముడు ఆర్విల్‌కి 12 సెకన్లు పట్టింది, అంటే సెకనుకి 10 అడుగులు, గంటకి 7 మైళ్లు కూడా రాదు. మా పాప టైమర్ పెట్టించుకుని పరిగెత్తి 10 సెకన్లలో రాయి ముట్టుకుని ఆర్విల్‌ని ఓడించేశా అని ఒకటే గంతులు. అప్పుడు వాళ్ల నాన్న చెప్పారు, ఆ రోజు ఎదురుగాలే గంటకి 20 మైళ్ల పైన ఉంది, దాన్ని కూడా కలిపితేనే గాల్లో విమానం అసలు స్పీడ్ అని. అన్న విల్బర్ విమానం రెక్క పక్కనే పరిగెత్తాడని చెప్తే దానికి ఇంకా నచ్చింది. నాలుగో రాయి మాత్రం చాలా దూరం, 852 అడుగులు, 59 సెకన్లు, విల్బర్ నడిపింది. ఒక్క పూటలో 120 నుంచి 852కి వెళ్లారు, అక్కడ నడిచి చూస్తే ఒళ్లు గగుర్పొడిచింది నాకు.

తిరుగు ప్రయాణం మామూలే. వర్జీనియా చేరాక షాంటిల్లీలో ఉద్వార్ హేజీ సెంటర్ అనే విమానాల మ్యూజియంకి వెళ్లాం, ఎంట్రీ ఫ్రీ, పార్కింగ్ 15 డాలర్లు. అక్కడున్న ఎస్ఆర్ 71 బ్లాక్‌బర్డ్ అనే అమెరికా గూఢచారి జెట్ విమానం 1990 మార్చి 6న లాస్ ఏంజెలెస్ నుంచి వాషింగ్టన్‌కి 64 నిమిషాల 20 సెకన్లలో వచ్చేసింది, సగటున గంటకి 2,124 మైళ్లు. పాప టిష్యూ పేపర్ మీదే లెక్క కట్టింది, సెకనుకి దాదాపు 3,115 అడుగులు, విల్బర్ 59 సెకన్లు వెళ్లిన దూరం దీనికి పావు సెకను పైచిలుకు. నమ్మకం లేక మళ్లీ చేసింది, అదే వచ్చింది. మధ్యలో గడిచింది 86 ఏళ్లే!

పిల్లలతో వెళ్తే ముందు ఆ రాళ్ల మధ్య పరిగెత్తించి తర్వాతే ఇక్కడికి తీసుకురండి, లేకపోతే 2,124 అన్నది వాళ్లకి ఉత్త నంబర్. రూమ్‌కి మాత్రం ఫీజులన్నీ కలిపి ఎంతో ఫోన్ చేసి అడిగాకే కార్డ్ నంబర్ ఇవ్వండి.