దూరాన ఉండి ఇల్లు కొనాలంటే: అమ్మ పేరా, అగ్రిమెంటా, పవరా?

2020 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక ఇచ్చారు. అంటే బ్యారేజీ దగ్గర గోదావరి నీటిమట్టం 17.75 అడుగులు. మా లంకలో ఇంట్లోకి మోకాలి లోతు నీళ్ళొచ్చాయి. అమ్మ ఏటిగట్టు ఇవతల ఉన్న పిన్ని వాళ్ళ మేడ మీదికి చేరింది. వరదకు చుట్టాలిళ్ళకు వెళ్ళడం మాకు కొత్త కాదు, కానీ కరోనా రోజుల్లో ఒకే మేడ మీద పదకొండు మంది అంటే ఎంత టెన్షనో చెప్పక్కర్లేదు. నీళ్ళు తీశాక అమ్మ ఫోన్ చేసి, "ఇంక ఆ ఇంట్లో నేనుండలేనురా, అమలాపురం పక్కన ఏదైనా చూడు" అంది.

నేనేమో కువైట్‌లో ఉన్నాను. ఆ నెలలోనే కువైట్ 31 దేశాల నుంచి నేరుగా వచ్చే విమానాలు ఆపేసింది, అందులో మనదీ ఉంది. ఇంటికి రావడానికి కరోనాలో మన ప్రభుత్వం నడిపిన వందే భారత్ విమానాలు ఉన్నాయి గానీ, వస్తే తిరిగి వెళ్ళే దారి లేదు. ఉద్యోగం, అకామా (అక్కడ ఉండడానికిచ్చే పర్మిట్) రెండూ పోతాయి. కాబట్టి ఇల్లు కొంటే ఇక్కడి నుంచే కొనాలి. మా క్యాంపులో కోనసీమవాళ్ళం రోజూ తర్జనభర్జన పడ్డది మూడు దారుల గురించే: అమ్మ పేరున కొనేయడం, అగ్రిమెంటు రాసుకుని నేను వచ్చేదాకా ఆగడం, ఎవరికైనా పవర్ (పవర్ ఆఫ్ అటార్నీ, అంటే మన తరఫున సంతకం పెట్టే అధికారం) ఇచ్చి రిజిస్ట్రేషన్ పూర్తి చేయించడం.

అమ్మ పేరున కొంటే అన్నిటికంటే తేలిక. ఆవిడ అక్కడే ఉంది, వేలిముద్ర వేసి ఫోటో దిగితే అయిపోతుంది. కానీ ఇందులో చాలామందికి తెలియని మెలిక ఒకటుంది. మన డబ్బుతో భార్య పేరునో పిల్లల పేరునో కొంటే బినామీ చట్టం తప్పు పట్టదు. అమ్మానాన్నలు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళ పేరున కొంటే మాత్రం దస్తావేజులో మన పేరు కూడా కలిసి ఉండాలి. లేదంటే ముందు డబ్బు అమ్మకు బహుమతిగా ఇచ్చేసి, ఆవిడ తన సొంతానికి కొనుక్కోవాలి. అప్పుడు ఇల్లు నిజంగానే ఆవిడది. వీలునామా లేకుండా ఆవిడ పోతే కొడుకులు, కూతుళ్ళు, భర్త ఉంటే భర్త, అందరికీ సమాన వాటా. నాకు ఇద్దరు అక్కలు. "అక్కలు అడుగుతారా ఏంటి" అని అమ్మ తేలిగ్గా తీసేసింది. అక్కలు అడగకపోవచ్చు, బావలు అడుగుతారు. ఒక్కడే కొడుకైన మా రూమ్మేట్‌కి మాత్రం ఇదే సరైన దారి, వాడు అలాగే చేశాడు.

నేను అగ్రిమెంటు దారి పట్టాను. మా బాబాయి కొడుకు చూసిపెట్టిన ఇల్లు, బేరం 42 లక్షలు. అమ్మేది రిటైరైన పెద్దాయన. ఫోన్లో ఎంత మర్యాదగా మాట్లాడారంటే నాకే సిగ్గేసింది. "ఆయ్, తొందరేం లేదండి బాబూ, మీరొచ్చాకే రాయించుకుందురు గాని" అన్నారు. అయిదు లక్షలు అడ్వాన్సు పంపాను. వంద రూపాయల స్టాంపు పేపరు మీద రాసుకున్నాం, నా సంతకం కొరియర్లో వెళ్ళింది. ఏడాది గడువు.

ఇక్కడ నేను చేసిన తప్పు చెప్పాలి. అగ్రిమెంటు ఇంటి మీద హక్కు ఇవ్వదు, అమ్ముతానన్న మాటకు రాత మాత్రమే. పైగా మన రాష్ట్రంలో అగ్రిమెంటును కూడా రిజిస్టర్ చేయించాలి. చేయిస్తే అది ఈసీలో (ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లన్నీ చూపించే కాగితం) కనిపిస్తుంది, అదే ఇంటిని ఇంకొకరు కొనబోతే వాళ్ళకు తెలుస్తుంది. స్టాంపు పేపరు బీరువాలో ఉంటే ఎవరికి తెలుస్తుంది? సరే రిజిస్టర్ చేయిద్దామంటే, అగ్రిమెంటులో సంతకం పెట్టినవాణ్ణి కాబట్టి నేను ఆఫీసుకు వెళ్ళాలి, లేదా నా తరఫున పవర్ ఉన్నవాడు వెళ్ళాలి. అంటే అగ్రిమెంటును సరిగ్గా చేయాలన్నా పవర్ ఇవ్వక తప్పదు. ఇచ్చేటప్పుడు రిజిస్ట్రేషనే పూర్తి చేయించుకోవచ్చు కదా! ఈ చిన్న లెక్క నాకు అప్పుడు తట్టలేదు.

2021 ఫిబ్రవరిలో కువైట్ విదేశీయులను అసలు రానివ్వడమే మానేసింది. మే 5 నుంచి మన రాష్ట్రంలో మధ్యాహ్నం 12 గంటల నుంచి మర్నాడు ఉదయం 6 దాకా కర్ఫ్యూ. ఆ నెలలోనే పెద్దాయన కరోనాతో పోయారు. అడ్వాన్సు గురించి అడగడానికి నోరు రాలేదు, అడక్కుండా ఉండడానికీ లేదు. చట్టం ప్రకారం వారసులు ఆ అగ్రిమెంటుకు కట్టుబడాల్సిందే. కానీ ఇప్పుడు ఒక్క సంతకం కాదు, ఆయన భార్య, కొడుకు, హైదరాబాదులో ఉన్న కూతురు, ముగ్గురూ పెట్టాలి. కుటుంబ సభ్యుల సర్టిఫికెట్ రావాలి. కొడుకు "రేట్లు పెరిగాయి కదండీ" అన్నాడు. కోర్టుకు వెళ్తే గెలుస్తానేమో గానీ అమ్మ ఇంకో వరద లంకలోనే చూస్తుంది. రెండు లక్షలు కలిపి 44కి ఒప్పుకున్నాను. ఈసారి ఆగదలచుకోలేదు, పవర్ ఇచ్చాను.

పవర్ అనగానే మనవాళ్ళు భయపడతారు. ఆ భయం అమ్మేవాడికి ఉండాలి. కొనేవాడు ఇచ్చే పవర్‌లో దుర్వినియోగం చేయడానికి ఉండేది తక్కువ, సరిగ్గా రాసుకుంటే. దస్తావేజులు రాసేవాళ్ళ దగ్గర ఉండే జీపీఏ (అన్ని పనులకూ కలిపి ఇచ్చే జనరల్ పవర్) నమూనాలో అమ్మే హక్కు, తాకట్టు పెట్టే హక్కు, అద్దెకిచ్చే హక్కు, డబ్బు తీసుకునే హక్కు అన్నీ ఉంటాయి. అది వద్దు. ఫలానా సర్వే నంబరులో, ఫలానా హద్దుల మధ్య ఉన్న ఇంటిని నా పేరున కొనడానికి, రిజిస్ట్రారు ముందు సంతకం, వేలిముద్ర వేయడానికి మాత్రమే అని ఒకే పనికి ఎస్పీఏ (స్పెషల్ పవర్) రాయించుకోవాలి. బాబాయి కొడుక్కి అదే ఇచ్చాను. డబ్బు వాడి చేతికి ఒక్క రూపాయి ఇవ్వలేదు. నా ఎన్‌ఆర్‌ఐ ఖాతా నుంచి ముగ్గురు వారసుల ఖాతాలకు నేరుగా పంపాను. ఇది నమ్మకం లేక కాదు, రేపు మా ఇద్దరి మధ్యా మాట రాకుండా.

పద్ధతి కొంచెం పొడుగే. ఎంబసీలో అధికారి ముందు సంతకం పెట్టాలి. విదేశంలో రాసిన పవర్‌ను భారత కాన్సులేట్ ధ్రువీకరిస్తే రిజిస్ట్రేషన్ చట్టం ఒప్పుకుంటుంది. ఇండియాకు చేరాక మూడు నెలల్లోపు స్టాంపు డ్యూటీ కట్టించాలి, జిల్లా రిజిస్ట్రారు దగ్గర వాలిడేషన్ అంటారు. అపాయింట్‌మెంటుకు, కొరియర్‌కు, వాలిడేషన్‌కు కలిపి నాకు ఏడు వారాలు పట్టింది. స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు అన్నీ కలిపి అప్పట్లో 7.5 శాతం, అంటే 3 లక్షల 30 వేలు. ఇల్లు 50 లక్షలు, ఆపైన అయితే ఒక శాతం టీడీఎస్ (అమ్మేవాళ్ళ డబ్బులోంచి ముందే కోసే పన్ను) కూడా కొనేవాడే పట్టుకుని కట్టాలి, మాకు ఆ గొడవ రాలేదు.

కాగితాలు మాత్రం ఎవరికీ వదలకండి. 1983 నుంచి ఈసీ ఆన్‌లైన్లోనే తీసుకోవచ్చు, సెక్షన్ 22-ఏ కింద రిజిస్ట్రేషన్ నిషేధించిన భూమి అవునో కాదో కూడా. లంకల్లో, ఏటిగట్ల పక్కన అసైన్డ్ భూములు (పేదలకు ప్రభుత్వం ఇచ్చినవి), ప్రభుత్వ భూములు ఉంటాయి కాబట్టి మన వైపు ఇది తప్పనిసరి. కోనసీమలో ఇంకో చిక్కు: ఇల్లు నచ్చిందంటే వెనకాల అర ఎకరం కొబ్బరితోట కలిపి అమ్ముతామంటారు. ఎన్‌ఆర్‌ఐలు వ్యవసాయ భూమి, తోట కొనకూడదు. నాకు ముందు చూపించిన ఒక ఇంటిని అందుకే వదులుకున్నాను. అమ్మకు ఇప్పటికీ ఆ చెట్ల మీద మనసుంది.

ఇక వీడియో కాల్. దాన్ని నమ్మి కొనేవాళ్ళను చూస్తే భయమేస్తుంది. వీడియోలో ప్రతి ఇల్లూ మెరక మీద ఉన్నట్టే కనిపిస్తుంది. మా తమ్ముడితో, అదే ఆ బాబాయి కొడుకుతో, నేను చేయించినవి మూడే. టేపు పట్టుకుని రోడ్డు నుంచి గడప దాకా ఎత్తు కొలవమన్నాను. వాన కురుస్తుండగా వెళ్ళి పక్క డ్రెయిన్ ఎటు పారుతోందో, అసలు పారుతోందో లేదో చూడమన్నాను. బోరు నీళ్ళు నోట్లో పోసుకోమన్నాను. అల్లవరం, ఉప్పలగుప్తం వైపు రొయ్యల చెరువుల పక్కన బోరు వేస్తే ఉప్పే. కొత్త రంగు వేసిన గోడ అడుగున గోకి చూస్తే పెచ్చులు రాలతాయి, కెమెరాకి రంగే కనిపిస్తుంది. మొదట్లో చూసిన ఇంకో రెండిళ్ళు ఈ పరీక్షల్లోనే పోయాయి.

కాబట్టి ఎవరైనా అడిగితే ఇలా చెప్తాను. కట్టిన ఇల్లు, కాగితాలు శుభ్రంగా ఉన్నాయి, అమ్మేవాళ్ళు స్వయంగా వచ్చి సంతకం పెడతారు, అక్కడ మీకు నమ్మకమైన మనిషి ఒకడున్నాడు, అప్పుడు ఎస్పీఏ ఇచ్చి పూర్తి చేయించుకోండి. అమ్మేవాళ్ళే ఇంకొకరి జీపీఏ పట్టుకుని వస్తే మాత్రం ఆగండి. జీపీఏ చేతులు మారినంత మాత్రాన హక్కు మారదని 2011లోనే సుప్రీంకోర్టు చెప్పింది, ఇచ్చినవాళ్ళు పోతే ఆ పవరూ పోతుంది. ఆ రోజుల్లో ఎవరు ఎప్పుడు పోతారో తెలియలేదు. ఇంకా కడుతున్న అపార్ట్‌మెంట్ అయితే రెరా (బిల్డర్ల మీద నిఘా పెట్టే సంస్థ) నంబరు చూసుకుని, రిజిస్టర్ చేయించిన అగ్రిమెంటే మేలు, అక్కడ ఎలాగూ ఆగాలి.

మా రిజిస్ట్రేషన్ 2021 సెప్టెంబరులో అయింది. మర్నాడే తమ్ముణ్ణి ఎస్పీఏ ఒరిజినల్ అమ్మకు ఇచ్చేయమన్నాను. వాడేమీ అనుకోలేదు. అది ఇప్పుడు లింకు డాక్యుమెంట్లతో (ఇంటి పాత దస్తావేజులు) పాటు అమ్మ బీరువాలో, పట్టుచీరల కింద ఉంది.