నిషికసాయ్‌లో యూఆర్ ఇల్లు: పిల్లలున్నవాళ్ళకి సై, బ్యాచిలర్లు మాత్రం ఆగి ఆలోచించండి

టోక్యోకి బదిలీ అయిందనగానే మనవాళ్ళందరూ చెప్పే మాట ఒకటే: "నిషికసాయ్‌లో చూసుకోండి, అందరం అక్కడే." నిజమే. సాయంత్రం స్టేషన్ బయట నిలబడితే నాలుగైదు మన భాషలు చెవిన పడతాయి. కానీ నేనక్కడ ఇల్లు తీసుకుంది మనవాళ్ళ కోసం కాదు, ఇంటి ఓనర్ కోసం. ఆ ఓనర్ పేరు యూఆర్.

యూఆర్ అంటే జపాన్ ప్రభుత్వానికి చెందిన అద్దె ఇళ్ళ సంస్థ. యుద్ధం తర్వాత ఇళ్ళ కొరత తీర్చడానికి 1955లో పెట్టిన గృహనిర్మాణ సంస్థే, 2004 నుంచి ఈ రూపంలో నడుస్తోంది. దీని విలువ తెలియాలంటే ముందు ప్రైవేటు ఇళ్ళు చూసి రావాలి. ఓనరుకి ఊరికే సమర్పించుకునే 'రేకిన్' ఓ నెల అద్దె, ఏజెంటుకి ఇంకో నెల, డిపాజిట్ వేరే, గ్యారంటీ కంపెనీకి ఫీజు, రెండేళ్ళు తిరిగేసరికి రెన్యూవల్ పేరుతో మరో నెల. ఇవన్నీ కడతామన్నా ఇస్తారని లేదు. మేం వెళ్ళిన ఒక ఏజెంటు, ఓనరుతో ఫోన్ మాట్లాడి పెట్టేసి, రెండు చేతులూ అడ్డంగా పెట్టి ఇంటూ గుర్తు చూపించాడు. ఎంతో మర్యాదగా, వంగి మరీ. ఇది మా ఒక్కళ్ళ గోడు కాదు. జపాన్ న్యాయశాఖ 2017లో బయటపెట్టిన సర్వేలో, ఇల్లు వెతుక్కున్న విదేశీయుల్లో దాదాపు 40 శాతం మంది, విదేశీయులమనే కారణంతోనే ఇల్లివ్వలేదని చెప్పారు.

యూఆర్ దగ్గర ఆ తతంగమే లేదు. రెండు నెలల అద్దె డిపాజిట్ కడితే చాలు. రేకిన్ లేదు, బ్రోకరేజీ లేదు, రెన్యూవల్ లేదు, హామీ సంతకం పెట్టేవాళ్ళని వెతుక్కునే పని లేదు. రెసిడెన్స్ కార్డు, జీతం కాగితాలు చూస్తారు. కుటుంబంతో ఉండేవాళ్ళకి, అద్దె 82,500 నుంచి రెండు లక్షల యెన్‌ల లోపైతే నెలకి 3,30,000 ఆదాయం చూపించాలి. అంత జీతం లేకపోతే అద్దెకి వంద రెట్లు బ్యాంకులో చూపించవచ్చు, లేదా ఏడాది అద్దె ముందే కట్టేయవచ్చు. ముందొచ్చినవాళ్ళకి ముందు. నచ్చిన ఇంటిని వారం పాటు మన పేరు మీద ఆపి ఉంచుతారు, ఆలోపు కాగితాలు పట్టుకెళ్ళాలి. మా రెండు బెడ్‌రూములది లక్షన్నర యెన్‌ల లోపే పడింది. ఖాళీ చేసేటప్పుడు 14 రోజుల ముందు చెబితే సరిపోతుంది. ఎప్పుడు ఏ ప్రాజెక్టు ఎక్కడికి విసిరేస్తుందో తెలియని మనకి ఇది చిన్న సౌకర్యం కాదు.

ఇల్లు మాత్రం నాలుగు గోడలే అనుకోండి. చాలా ఇళ్ళల్లో గదుల లైట్లు కూడా మనమే తెచ్చుకుని బిగించుకోవాలి. కర్టెన్లు, స్టవ్ సరేసరి. స్టవ్ పెట్టె మీద 'సిటీ గ్యాస్ 13ఏ' (ఇక్కడ పైపుల్లో వచ్చే గ్యాసు రకం) అని ఉందో లేదో చూసి మరీ కొనండి, సిలిండర్ గ్యాసు స్టవ్ ఇక్కడ పనికిరాదు. కరెంటు 100 వోల్టులు. హైదరాబాద్ నుంచి మోసుకొచ్చిన మిక్సీ స్టెప్ అప్ ట్రాన్స్‌ఫార్మర్ ఉంటేగానీ తిరగదు. తిరిగినా పొద్దున్నే ఆరింటికి చట్నీ రుబ్బకండి. కింద అంతస్తులో పెద్దవాళ్ళుంటారు, గోడలు మన గుట్టు దాచేంత మందం కాదు.

ఇక పేట సంగతి. 2000 ప్రాంతంలో వైటూకే (కంప్యూటర్లలో 2000 సంవత్సరం తేదీల సమస్య) పని మీద వచ్చిన ఐటీ వాళ్ళు ఇక్కడ కుదురుకున్నారు. బ్యాంకులూ స్టాక్ కంపెనీలూ ఉండే కయాబాచో, నిహోంబాషి, ఓతేమాచికి ఇక్కణ్ణుంచి తోజాయ్ అనే మెట్రో రైలు లైన్‌లో మారకుండా వెళ్ళిపోవచ్చు. అప్పటికే ఇక్కడ స్థిరపడి ఉన్న టీ వ్యాపారి జగ్‌మోహన్ చంద్రాణి ఆ కుర్రాళ్ళకి ఇళ్ళు ఇప్పించడంలో సాయపడ్డారని పాతవాళ్ళు ఇప్పటికీ చెబుతారు. ఇప్పుడు కందిపప్పు, సోనా మసూరి, ఇడ్లీ రవ్వ నడిచి వెళ్ళి తెచ్చుకోవచ్చు. కరివేపాకు ధర చూసి గుండె చిక్కబట్టుకోవాలి, గోంగూర ఫ్రీజర్లో దొరికితే అదృష్టం. పిల్లల కోసం గ్లోబల్ ఇండియన్ స్కూలుంది, ఫీజు ముందే కనుక్కోండి. మూడు నుంచి ఐదేళ్ళ పిల్లలకి డేకేర్ ఫీజు 2019 అక్టోబరు నుంచి ప్రభుత్వమే భరిస్తోంది. గ్యోసెన్ పార్కులో చిన్న జంతు ప్రదర్శనశాల ఉంది, టికెట్ లేదు. మా వాడి ఆదివారాలు అక్కడే గడుస్తాయి.

అదే తోజాయ్ లైన్ పొద్దున పూట నరకం. కరోనాకి ముందు, కిబా స్టేషన్ నుంచి మొంజెన్‌నకాచో స్టేషన్ దాకా రద్దీ 199 శాతమని, అంటే బండి పట్టేదానికి దాదాపు రెట్టింపని, ప్రభుత్వ లెక్కలే చెప్పాయి. దేశంలోకెల్లా అదే ఎక్కువ. ఇప్పుడంత లేదు గానీ, ఎనిమిది గంటల బండిలో లంచ్ బాక్సు నిటారుగా ఇంటి నుంచి ఆఫీసు చేరదు.

మనవాళ్ళెవరూ మాట్లాడని విషయం ఇంకోటి: వరద. ఒకపక్క అరకావా నది, ఇంకోపక్క ఎదోగావా నది, దక్షిణాన సముద్రం. నిషికసాయ్ ఉన్న ఎదోగావా వార్డులో దాదాపు 70 శాతం నేల సముద్రం పోటు మట్టం కన్నా కిందే ఉంది. 2019లో వార్డు ఆఫీసు ఇంటింటికీ పంచిన వరద మ్యాప్ అట్ట మీదే "ఇక్కడ ఉండకూడదు" అని అచ్చేశారు. అదే ఏడాది అక్టోబరు తుఫానుకి వార్డులో లక్షల మందిని ఖాళీ చేయమన్నారు. అందుకే కింది అంతస్తులు నేను తీసుకోమనను. పూడ్చిన నేల మీద కట్టిన సేయిషిన్‌చో వైపు కాస్త ఎత్తు, యూఆర్ ఇళ్ళు అక్కడా ఉన్నాయి. స్టేషన్‌కి ఇంకొంచెం నడక, అంతే.

బ్యాచిలర్లకి ఎందుకు వద్దంటున్నానంటే, ఇక్కడి యూఆర్ ఇళ్ళు ఎక్కువగా కుటుంబాల కొలతకి కట్టినవి. పైగా ఈ పేటలో ఏడాది ఉంటే మీ జపనీస్ కన్నా హిందీ బాగుపడుతుంది. ఆఫీసు షిబుయా వైపైతే అసలే వద్దు. యూఆర్ ఇళ్ళు ఓజిమాలో ఉన్నాయి, హికారిగావొకాలో ఉన్నాయి, ఊరంతా ఉన్నాయి. పేటని కాదు, ముందు ఆఫీసుకెళ్ళే రైలుని చూసుకుని, ఆ లైన్లో యూఆర్ ఎక్కడుందో వెతకండి.

నా రేటింగు ఐదుకి నాలుగు. పోయిన ఒక్కటిలో సగం వరద మ్యాప్‌కి, సగం తోజాయ్ లైన్‌కి. వెతకడం మాత్రం ఫిబ్రవరి లోపే ముగించండి. ఏప్రిల్‌లో కొత్త ఉద్యోగాలూ బడులూ మొదలవుతాయి కాబట్టి మార్చిలో టోక్యో అంతా ఇళ్ళ మీదే పడుతుంది. అప్పుడు పొద్దున వెబ్‌సైట్‌లో చూసిన ఇల్లు మధ్యాహ్నానికి ఉండదు.